ఘాటు పోయిన నూనె

"కాలు ముట్టుకున్నావంటే ఊరుకునేది లేదు," అంది అత్తగారు, పాదాన్ని దుప్పటిలోకి లాక్కుంటూ.

కోడలు ఒక చేత్తో వేడినీళ్ళ గిన్నె, ఇంకో చేత్తో దూది పట్టుకుని మంచం పక్కన నిలబడిపోయింది. దుప్పటి ఎంత బిగించి కప్పితే మాత్రం వాసన ఆగుతుందా? కిటికీలు తెరిచి పెట్టినా గదిని వదల్లేదు. పైకి నూనె వాసనే. దాని వెనక ఇంకోటి ఉంది. ఆసుపత్రి ల్యాబులో క్రిములు పెంచే ప్లేటు మూత తీసినప్పుడు వచ్చే వాసన అది. ఉద్యోగంలో అలవాటైపోయిన ఆ వాసన ఇప్పుడు ఇంట్లో, అదీ అత్తగారి మంచం మీద తగులుతోంది.

"అత్తయ్యా, జ్వరం దిగలేదు. షుగరు ఉన్న ఒళ్ళు. వేలు నల్లబడుతోంది. ఇవాళ ఆసుపత్రికి వెళ్ళి తీరాలి."

"నల్లబడితే అది నూనె రంగు."

"నూనె రంగైతే కడిగితే పోవాలిగా."

"ఓహో! గానుగ ఇంట్లో తల నెరిసినదానికి నూనె రంగు నువ్వు నేర్పుతావా?"

వీధిలో ఆవిడను ఘాటమ్మ అంటారు. ఆవిడ అమ్మే నల్లజీలకర్ర నూనె ఎక్కువ ఘాటా, ఆవిడ నోరు ఎక్కువ ఘాటా అన్నది ఇంతవరకూ ఎవరూ తేల్చలేకపోయారు. జ్వరంలో ఒళ్ళు కాలిపోతున్నా నోటికి మాత్రం ఏ లోటూ రాలేదు.

నూనె డబ్బా రేకు అంచు గీసుకుని కాలి బొటనవేలి పక్కన చిన్న కోత పడింది. అంతే. ఆ రోజే డాక్టరు మందుబిళ్ళలు రాసిచ్చాడు. అవి దిండు కింద భద్రంగా ఉన్నాయి. కోత మీద మాత్రం పొద్దునా సాయంత్రం సొంత గానుగ నూనె పడుతూనే ఉంది.

"నేను వింటున్నది నీ మాటే కదే!" అత్తగారు మోచేతి మీద లేచింది. "నూనె చుక్క చుట్టూ క్రిములు చచ్చాయని ఫోను పట్టుకొచ్చి ఇంటిల్లిపాదికీ చూపించింది నువ్వా, నేనా? ప్లేటులో చచ్చినవి నా కాల్లో చావవా? లేకపోతే ఆ రోజు అబద్ధం చెప్పావా?"

అదీ దెబ్బ.

అబద్ధం కాదు. పెళ్ళయిన కొత్తలో, మామగారు పోయి గానుగ మూతపడేలా ఉన్న రోజుల్లో, సరదాకి ఒక సీసా ల్యాబుకి పట్టుకెళ్ళింది. ప్లేటు నిండా పుండ్లలో చీము పట్టించే క్రిమిని పరిచి, మధ్యలో చిన్న గుంట చేసి, అందులో ఒక చుక్క వేసింది. మర్నాడు చూస్తే ప్లేటంతా పాలమీగడలా క్రిములు, గుంట చుట్టూ మాత్రం శుభ్రంగా, అద్దంలా ఒక రింగు. గింజలో అంత శక్తి ఉందని పుస్తకాల్లో చదివింది కానీ కళ్ళారా చూడటం అదే మొదలు. సంతోషం పట్టలేక ఫోటో తీసింది. భర్త ఆ ఫోటోను పెద్దది చేయించి కొట్లో తగిలించాడు. తర్వాత సీసా చీటీ మీదకీ ఎక్కించాడు. ఊళ్ళో పుండ్లూ గాయాలూ ఉన్నవాళ్ళంతా వాళ్ళ కొట్టు ముందు వరస కట్టారు.

"అబద్ధం కాదత్తయ్యా. కానీ ప్లేటు వేరు, కాలు వేరు. ప్లేటులో క్రిమి పైపైనే ఉంటుంది. కాల్లో లోపలికి పోయింది. మంచి నూనె అయినా అంత లోపలికి దిగదు."

"అప్పుడు ఈ మాట చెప్పలేదేం?"

"చెప్పాను. ఎవరూ వినలేదు."

"అరవకండి, కొట్లో జనం ఉన్నారు," అంటూ భర్త గుమ్మంలోకి వచ్చాడు. చేతులకు నూనె, గుడ్డతో తుడుచుకుంటున్నాడు. తల్లి వైపు చూడలేదు. భార్య చేతిలోని గిన్నె వైపు చూశాడు. "మళ్ళీ మొదలుపెట్టావా?"

"వేలు నల్లబడుతోందండీ."

"ఈ వారంలో మందుల షాపుల వాళ్ళు వస్తున్నారు. చూసి నచ్చితే వాళ్ళ షాపులన్నిట్లోనూ మన నూనె పెడతారు. సరిగ్గా ఇప్పుడు, మానని పుండుతో గానుగ ఓనరు తల్లి ఆసుపత్రిలో చేరిందని తెలిస్తే మన ముఖాన ఉమ్మేస్తారు."

"కాలు తీసేశారని తెలిస్తే ఏం చేస్తారు?"

అతను ముఖం మాడ్చుకున్నాడు. "ఆసుపత్రిలో ఉద్యోగం చేస్తావు కాబట్టి నీకు ప్రతిదీ రోగంలాగే కనబడుతుంది," అని గిరుక్కున తిరిగి వెళ్ళిపోయాడు.

అత్తగారు గోడ వైపు తిరిగి పడుకుంది. కోడలు గిన్నె కింద పెట్టింది. వీళ్ళకు మాట ఎక్కదు. ఒకప్పుడు ఫోటో చూసి నమ్మారు. మళ్ళీ ఇంకో ఫోటో చూపిస్తే తప్ప నమ్మరు.

"సరే, ఆసుపత్రి మాట ఎత్తను. నూనె అయినా నన్ను రాయనివ్వండి," అంది.

ఆ మాటకు పాదం దుప్పటి బయటికి వచ్చింది. కట్టు విప్పి, ఊపిరి బిగపట్టి, పుండు లోపలికి పుల్లకు చుట్టిన దూదిని మెల్లగా తిప్పి, సీసాలో పెట్టి మూత బిగించింది. అత్తగారు కళ్ళు మూసుకుని ఉంది. "ఎంత రాసినా నీ చేతికి గానుగవాళ్ళ చెయ్యి రాదు," అని గొణిగింది.

*

ల్యాబులో చీటీ లేకుండా ఏ శాంపిలూ లోపలికి రాకూడదు. ఆ సంగతి కొత్తగా చేరినవాళ్ళకు నేర్పేదే ఆమె. అయినా ఆ రోజు అత్తగారి పుండులోంచి తీసిన దూదితో పేరు రాయని ప్లేటు ఒకటి పరిచింది. మూడు గుంటలు చేసింది. ఒకదాంట్లో మామూలు వంటనూనె, పోల్చి చూడటానికి. రెండోదాంట్లో ఇంట్లో అత్తగారు ఇప్పుడు రాసుకుంటున్న నూనె. మూడోదాంట్లో పాత సీసాలో అడుగున మిగిలిన నూనె. మొదటిసారి పరీక్షించిన ఆ సీసా ల్యాబు ఫ్రిజ్ అరలో ఇంకా ఉంది.

మూడో సీసా మూత తీసినప్పుడే అనుమానం వచ్చింది. పాత నూనె ముక్కులోకి సూదిలా దిగి కళ్ళు చెమర్చేలా చేసింది. ఇంటి నుంచి తెచ్చిన నూనె మాత్రం కమ్మగా ఉంది. వేయించిన పల్లీల్లా ఉంది.

మర్నాడు పొద్దున్న ప్లేటు తీసి వెలుతురుకి పట్టింది. పాత నూనె చుట్టూ రింగు ఉంది. ఇంటి నూనె గుంట అంచుదాకా క్రిములు దట్టంగా ఎక్కి కూర్చున్నాయి. వంటనూనెకీ దానికీ వెంట్రుకవాసి తేడా లేదు.

"ఎవరిదిది? పేరేది?" వెనక ల్యాబు పెద్ద డాక్టరమ్మ నిలబడి ఉంది.

"తెలిసినవాళ్ళదండీ. చీటీ తర్వాత పెడదామని..."

డాక్టరమ్మ ప్లేటు అందుకుని చూసింది. ఆవిడ ముఖంలో కోపం పోయి కంగారు వచ్చింది. "చీటీ సంగతి తర్వాత. ముందు ఆ మనిషిని తీసుకురా. పుండు కాలిదా? షుగరుందా? ఇవాళే తీసుకురా. వేలితో పోయేదాన్ని కాలి దాకా తెచ్చుకోకండి."

కోడలు కోటు తీసి కొక్కేనికి తగిలించి ఇంటికి పరుగెత్తింది.

ఇంటికి అంటే ఇంటికి కాదు. తిన్నగా గానుగ గదికి. ఆ గదిలో ఆమె కాలు పెట్టి ఏడాది దాటింది. దానికి కారణం కూడా ఆమే. రింగు చూసిన ఉత్సాహంలో ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి, చేతులు కడుక్కోవాలనీ, క్రిములు చేతుల మీదే ప్రయాణం చేస్తాయనీ పాఠం చెప్పింది. అత్తగారు ఆ పాఠం శ్రద్ధగా విని, కొన్నాళ్ళకు ఒక నియమం పెట్టింది. క్రిములతో కాపురం చేసే చేతులు గానుగ గదిలోకి రాకూడదు. కోడలు నొచ్చుకోలేదు సరికదా, తన మాటకు ఈ ఇంట్లో ఇంత విలువా అని లోలోపల మురిసిపోయింది. ఎంత పిచ్చిది!

తలుపు తోసింది. గానుగ వెనక, ఇదివరకు గింజల బస్తాలు ఉండే చోట, పొయ్యి మీద ఇనప పీపా తిరుగుతోంది. లోపల గింజలు చిటపటలాడుతున్నాయి. భర్త దాని పక్కన నిలబడి వేడి చూస్తున్నాడు. ఆమెను చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఎప్పటినుంచి?" అంది.

"నిన్నెవరు రమ్మన్నారు ఇక్కడికి?"

"ఎప్పటినుంచి వేయిస్తున్నారు?"

అతను గుడ్డ తీసుకుని చేతులు తుడుచుకున్నాడు. తర్వాత తెగించాడు. "పచ్చి గింజ ఎంత తిప్పినా నూనె సరిగ్గా దిగదు. దిగిన కాస్తా మంట. రాసుకుంటే మంట, వాసన చూస్తే మంట అని సీసాలు తిరిగిచ్చారు. వేయిస్తే కమ్మగా ఉంటుంది, బాగా దిగుతుంది. జనానికి ఘాటు అక్కర్లేదు. రింగు బొమ్మ ఉంటే చాలు."

"ఆ మంటే కదండీ మందు! వేడి తగిలితే ఎగిరిపోయేది అదే. ఇందులో ఇంకేం మిగిలింది? మీ అమ్మగారి పుండులోని క్రిముల మీద వేసి చూశాను. వంటనూనె ఎంతో ఇదీ అంతే."

"మెల్లగా మాట్లాడు."

"ఆవిడకి తెలుసా? ఉత్త నూనె రాసుకుని కాలు పోగొట్టుకుంటున్నానని ఆవిడకి తెలుసా?"

అతను పీపా వైపు తిరిగాడు. గింజలు మాడతాయని కాబోలు, మంట తగ్గించాడు. మనిషి మీద అంత అసహ్యం ఆమెకు ఎప్పుడూ కలగలేదు.

*

గదిలో ఆడపడుచు కూర్చుని ఉంది. ఫోనులో అన్నగారి నసుగుడు విని ఉన్నపళంగా బయలుదేరి వచ్చిందట. వదిన్ని చూడగానే ఒంటికాలి మీద లేచింది.

"ఏం వదినా, ఇంట్లో ఆసుపత్రి మనిషి ఉండి మా అమ్మకి ఈ గతా? రోజూ చీమూ నెత్తురూ పిసికి, అదే చేత్తో వచ్చి అమ్మ కట్టు విప్పుతున్నావుట. ఆ ల్యాబులోంచి నువ్వే ఏదో అంటించి ఉంటావు. లేకపోతే చిన్న గీత ఇంతవుతుందా?"

"నీతో తర్వాత మాట్లాడతాను. అమ్మకి టీ పట్టుకురా," అంది కోడలు. ఆ గొంతులో ఏముందో, ఆడపడుచు గొణుక్కుంటూనే లేచి వెళ్ళింది.

ఆమె మంచం అంచున కూర్చుంది. "అత్తయ్యా, కోప్పడకుండా వినండి. మీరు రాసుకుంటున్న నూనెలో మందు లేదు. గింజలు వేయిస్తున్నారు. మీకు చెప్పకుండా..."

"పొయ్యి ముట్టించింది నేనే," అంది అత్తగారు.

కోడలు ఆవిడ ముఖంలోకి చూసింది. జ్వరంతో చెక్కిళ్ళు ఎర్రబడ్డాయి కానీ మాట తొణకలేదు.

"వాడికి అంత ధైర్యం ఎక్కడిది? ఆయన పోయాక తాళం వేయాల్సిన గానుగ అది. నీ రింగుతో లేచింది. జనం ఎగబడ్డారు. ఎగబడ్డవాళ్ళకి నూనె పొయ్యాలిగా? నేనే వేయించమన్నాను. నువ్వు వాసన పడతావని నిన్ను అటు రానివ్వలేదు."

"తెలిసీ రాసుకుంటున్నారా?"

"కొట్లోంచి చూస్తే ఈ మంచం కనబడుతుంది. నేనే రాసుకోకపోతే ఇంకెవరు రాసుకుంటారే?"

కోడలికి ఏడుపు, కోపం కలిసే వచ్చాయి. తనను ఇన్నాళ్ళూ తన పాఠంతోనే గుమ్మం బయట నిలబెట్టిన మనిషి. అదే మనిషి, కొడుకు కొట్టు నిలబడాలని కాలు కుళ్ళిపోతున్నా ఆ నూనే రాసుకుంటూ పడుకుంది. తిట్టాలో కాళ్ళు పట్టుకోవాలో తెలియలేదు.

"లేవండి. ఆటో పిలుస్తాను. నూనె సంగతి నేను ఎవరికీ చెప్పను. లేవండి."

"నువ్వు చెప్పకపోతే సరా? ఇన్నాళ్ళూ నూనె రాసీ ఎందుకు మానలేదని వాళ్ళు అడగరా?" అత్తగారు ఆయాసపడుతూ ఆగింది. తలుపు వైపు చూసింది. "అది అన్నది విన్నావుగా. ఆ మాటే చెబుదాం. నూనె వల్ల మానుతూనే ఉంది, కోడలు ల్యాబులోంచి ఏదో మొండి క్రిమిని అంటించింది అని. అలాగైతే వస్తాను. లేకపోతే నేను ఈ మంచం దిగను."

భర్త ఎప్పుడు వచ్చాడో గుమ్మంలో ఉన్నాడు. అంతా విన్నాడని ముఖమే చెబుతోంది.

"మీరేమంటారు?" అంది కోడలు.

అతను గోడకి ఆనుకుని, "ముందు అమ్మ కాలు కదా," అన్నాడు.

నిజమే. ముందు అమ్మ కాలే. ఆ మాట తన నోట్లోంచి వస్తే ఎంత న్యాయంగా ఉండేది! అతని నోట్లోంచి వచ్చేసరికి విషమైపోయింది.

"సరే," అంది. "ఆటో పిలవండి."

*

అత్తగారు మాట నిలబెట్టుకుంది. ఆసుపత్రిలో కత్తిరించిన కట్టు కింద పడకముందే డాక్టరుకు అంతా చెప్పేసింది. చెప్పి ఊరుకోలేదు. "పాపం, కావాలని చేసింది కాదు బాబూ. దాన్నేమీ అనకండి," అని కళ్ళు కూడా తుడుచుకుంది.

డాక్టరు కోడలి వైపు చూశాడు. ఆమె తల వంచుకుంది. పక్కనున్న భర్త తల్లి చెప్పులు చేత్తో పట్టుకుని, "అవునండీ," అన్నాడు.

వేలు తీసేయాలి, పాదం దక్కుతుందనే అనుకుంటున్నాం అన్నారు. స్ట్రెచరు లోపలికి వెళ్ళింది, తలుపు మూసుకుంది. ఆడపడుచు అటు వెళ్ళి తలుపుకి ఆనుకుని ఏడుస్తోంది.

కబురందుకుని ల్యాబు పెద్ద డాక్టరమ్మ కిందికి వచ్చింది. వరండాలో బెంచీల మీద జనం కూర్చుని ఉన్నారని కూడా చూడలేదు.

"ఆ పేరులేని ప్లేటు మీ అత్తగారిదా?"

"అవునండీ."

"చీటీ లేదు, చెప్పడం లేదు. ల్యాబులోంచి ఇంటికి, ఇంట్లోంచి ల్యాబుకి నువ్వే మోస్తున్నావన్నమాట! రోజూ ఎంతమంది రోగుల శాంపిళ్ళు నీ చేతుల మీదుగా పోతాయో తెలుసా? కోడలే అంటించిందని ఆవిడ చెబుతోంది. నిజమేనా?"

తలుపు వెనక అత్తగారికి మత్తు ఎక్కిందో లేదో. ఎక్కకపోతే, ఇక్కడ ఒక్క మాట జారితే లేచి వచ్చేయగల మనిషి. కోడలు నోరు తెరవలేదు.

"విచారణ అయ్యేదాకా ల్యాబు గుమ్మం ఎక్కొద్దు," అని డాక్టరమ్మ వెళ్ళిపోయింది. వెళుతూ వెనక్కి తిరిగి చూసింది. కోపం కంటే బాధే ఎక్కువగా ఉంది ఆ చూపులో. అది ఇంకా కష్టంగా అనిపించింది.

ఎదురు బెంచీ మీద కూర్చున్న తాపీ మేస్త్రి ఇదంతా నోరు తెరుచుకుని విన్నాడు. కుడి అరచేతికి మురికి గుడ్డ చుట్టి ఉంది. అతను లేచి భర్త దగ్గరికి వచ్చాడు. చొక్కా జేబులోంచి సీసా తీశాడు. దాని చీటీ మీద రింగు బొమ్మ ఉంది.

"అయ్యా, మీరు నూనె కొట్టువారేగా? పెద్దమ్మగారికి తొందరగా నయం కావాలి. ఇది మీ దగ్గర కొన్నదే. చెయ్యి తెగి చీము పట్టింది. రోజూ పోస్తున్నాను, తగ్గట్లేదు. సూది వేయించుకుందామని వచ్చాను. కానీ మీరే కనబడ్డారు కాబట్టి అడుగుతున్నా. ఇంకాస్త ఎక్కువ పొయ్యాలంటారా?"

భర్త సీసా వైపు చూశాడు. భార్య వైపు చూశాడు. తల్లి చెప్పులు ఇంకా చేతిలోనే ఉన్నాయి.

"ఇంకో వారం రాసి చూడు," అన్నాడు.

కోడలు లేచింది. అత్తగారి కాలి కోసం మాట ఇచ్చింది. ఈ మేస్త్రి చెయ్యి పోయినా ఊరుకుంటానని ఇవ్వలేదు.

"రాయొద్దు!" అంది గట్టిగా. వరండాలో తలలన్నీ ఇటు తిరిగాయి. "అది వేయించిన గింజల నూనె. అందులో మందు లేదు. లోపలికి వెళ్ళి సూది వేయించుకో. ఆ సీసా ఇలా ఇవ్వు."

చెయ్యి చాపి రెండడుగులు ముందుకు వేసింది.

మేస్త్రి చటుక్కున వెనక్కి తగ్గాడు. సీసాను గుండెకి అదుముకుని, గుడ్డ చుట్టిన చేతిని వీపు వెనక దాచుకున్నాడు.

"మీరు దగ్గరికి రాకండమ్మా," అన్నాడు. "దండం పెడతాను, నన్ను ముట్టుకోకండి."